ఆరడుగుల నాలుగున్నర అంగుళాలు

కాలు ఉంది. వంగి చూస్తే కనబడుతోంది. నల్ల బూటు, బూటు మీద ముదురు నీలం ప్యాంటు, ఆ ప్యాంటులో ఉన్నది నా కాలే అయ్యుండాలి, ఇంకెవరిది ఉంటుంది, కానీ నాకు మాత్రం తెలియడం లేదు. ఎడమ మోకాలి కింద ఏమీ లేదు. జేబులోంచి పెన్ను తీసి, పక్కనున్న కోపైలట్ చూడకుండా, ఏదో కాగితం అందుకుంటున్నట్టు వంగి పిక్క మీద గుచ్చాను. ఏం లేదు. ఇంకాస్త గట్టిగా గుచ్చాను. కుర్చీని గుచ్చినా ఇంతే. మొదట తిమ్మిరే కదా అనుకున్నాను, రోజూ వచ్చేదే, కాసేపు చీమలు పాకుతాయి, వేళ్లు నాలుగుసార్లు ముడిచి విప్పితే పోతాయి. ఇవాళ చీమలు పాకి పాకి ఎప్పుడో వెళ్లిపోయాయి. వేళ్లను ముడుచుకోమంటున్నాను, ముడుచుకున్నాయో లేదో, బూటు లోపల ఏం జరుగుతోందో నాకెవరు చెబుతారు. ముప్పై ఎనిమిది వేల అడుగుల ఎత్తున, ఆరుగురు ప్రయాణికుల్ని వెనక కూర్చోబెట్టుకుని, నా కాలు నా మాట వినడం లేదు. ఇంకో నలభై నిమిషాల్లో ఈ విమానాన్ని నేల మీద దించాలి. ఆ పని సగం చేతులు చేస్తాయి, సగం కాళ్లు చేస్తాయి. భయం వేస్తోంది. వేయడం కాదు, ఎప్పుడో వేసింది, ఇప్పుడు దాన్ని బయటికి కనబడకుండా పట్టుకుని కూర్చున్నాను.

ఈ కాక్‌పిట్ ఎవరి కొలతలు తీసుకుని చేశారో గానీ ఆ మనిషి నాకొకసారి దొరికితే బాగుండును. ఎదురుగా సగం అద్దం, సగం తెరలూ మీటలూ, నెత్తి మీద మళ్లీ మీటలు. సీటు వెనక్కి జరిగినంతా జరిపినా మోకాళ్లు ముందు ప్యానెల్‌కి తగులుతాయి, మెడ ఓ పక్కకి వంచకపోతే తల కప్పుకి తగులుతుంది. పొట్టకెదురుగా కారు స్టీరింగ్‌ని సగానికి కోసినట్టు యోక్ ఉంటుంది, దాని కొమ్ములు రెండూ సరిగ్గా నా తొడల మీదకే దిగుతాయి. ఎడమకి పూర్తిగా తిప్పాలంటే ఎడమ తొడ అడ్డం. అందుకని ఓ కిటుకు కనిపెట్టాను. ఎడమ మోకాలిని పక్కకి తోసి, కిటికీ కింద ఉన్న రేకు అంచుకి నొక్కిపెట్టేస్తాను. అప్పుడు యోక్‌కి చోటొస్తుంది. చూసేవాళ్లకి కెప్టెన్ దర్జాగా కూర్చున్నాడనిపిస్తుంది. ఏడాదిన్నరగా అలాగే నెట్టుకొస్తున్నాను, గంటలోపు ప్రయాణాలు కాబట్టి గట్టెక్కాను. ఇవాళ పొద్దున ఒక ట్రిప్పు, వెంటనే ఇంకో ట్రిప్పు, మధ్యలో సీటు దిగలేదు. దిగడమంటే నాకో పెద్ద తతంగం, ఒక కాలు పైకెత్తి, నడుం మెలితిప్పి, వెనక్కి పాకాలి. ప్రయాణికులు చూస్తే బాగుండదని కూర్చుండిపోయాను. దానికి తోడు ఎదురుగాలి. మూడు గంటలుగా ఆ రేకు అంచు నా మోకాలి పక్క నరం మీద బిగిసి కూర్చుంది. మొదట్లో నొప్పి పుట్టింది, నొప్పి పోయినప్పుడు హమ్మయ్య అనుకున్నాను కూడాను.

ఎక్కేటప్పుడు ఒక పెద్దావిడ తెర పక్కకి తీసి నన్ను చూసింది. ఈ విమానంలో కాక్‌పిట్‌కి తలుపు లేదు, ఓ తెర ఉంటుంది అంతే. మొదటిసారి విమానం ఎక్కుతోందట, మనవడో ఎవరో టికెట్టు కొన్నారట, ఓ చేత్తో సంచీ, ఓ చేత్తో గోడ పట్టుకుని నన్ను కిందనుంచి పైదాకా చూసి, "ఇందులో ఎలా పట్టావు నాయనా?" అంది. "మడతపెట్టి తెచ్చారమ్మా" అన్నాను. వెనక అందరూ నవ్వారు. కోపైలట్ కూడా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. నా వెనక సీట్లోనే కూర్చుంది, తెర వెయ్యనివ్వలేదు, నువ్వు కనబడుతుంటే ధైర్యంగా ఉంటుంది అంది. ఇప్పుడు కూడా నా వీపు వంక చూస్తూనే ఉండి ఉంటుంది. వీపు చూసి ఏం తెలుస్తుంది, వీపు ధైర్యంగానే ఉంటుంది ఎవరిదైనా.

పొడుగు నాకేమన్నా కొత్తా. స్కూల్లో నిచ్చెన, కాలేజీలో కరెంటు స్తంభం, పెళ్లయ్యాక మా ఆవిడ తరఫు వాళ్లకి 'ఆ పొడుగాయన'. గుమ్మం కనబడితే తల వంచే అలవాటు, చూసినవాళ్లు వినయం అనుకుంటారు. పెద్ద విమానాలు నడిపినంతకాలం కాళ్లు చాపుకుని బతికాను. ఆ కంపెనీ మూతపడింది. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుని, ఆకాశంలో శబ్దం వినబడితే కిటికీ దగ్గరికి వెళ్లకుండా నన్ను నేను ఆపుకున్నాను. అప్పుడు ఈ చిన్న జెట్ల కంపెనీ పిలిచింది, వెళ్తే ఒక ఫారం ఇచ్చారు, అందులో ఎత్తు అని ఒక గడి ఉంది. ఆరడుగుల మూడంగుళాలు దాటినవాళ్లని విడిగా ఈ కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి, పెడళ్లు చివరిదాకా తొక్కించి, యోక్ రెండు పక్కలా పూర్తిగా తిప్పించి చూస్తారట, ఏ ఒక్కటి కుదరకపోయినా ఈ విమానం ముట్టుకోనివ్వరట. వాళ్ల దగ్గర ఉన్నవన్నీ ఈ విమానాలే. నేను ఆరడుగుల రెండు అని రాశాను. డాక్టరు గోడకి నిలబెట్టి కొలుస్తానన్నాడు. అక్కడ ఎవరైనా మడమలు పైకెత్తుతారు, నేను వదులు ప్యాంటు వేసుకెళ్లి లోపల మోకాళ్లు వంచాను. డాక్టరు కళ్లజోడు సర్దుకుని, రెండున్నర అని నోటితో అని, రెండు అని రాశాడు. ఇంటికెళ్లి చెబితే మా ఆవిడ పడీ పడీ నవ్వింది. మా అమ్మాయి మాత్రం నవ్వలేదు. దానికి పదమూడేళ్లు, నా పోలికే, అప్పుడే వాళ్లమ్మని దాటేసింది. వంటగది గుమ్మానికి దాని ఎత్తు ప్రతి పుట్టినరోజుకీ పెన్సిల్‌తో గీస్తుంటాను. ఆ రోజు నన్ను నిలబెట్టి, స్టూలెక్కి, తల మీద స్కేలు పెట్టి గీత గీసింది. టేపు పట్టి చదివింది. ఆరడుగుల నాలుగున్నర. "ఆఫీసులో రెండని చెప్పావు కదా నాన్నా" అంది. "అది ఆఫీసు ఎత్తమ్మా, ఇది ఇంటి ఎత్తు" అన్నాను. అది స్టూలు దిగి ఆ గీత పక్కన తేదీ వేసుకుంది.

ముప్పై ఒక్క నిమిషాలు. ఆటోపైలట్ నడుపుతోంది కాబట్టి ఇప్పటికి కాళ్లతో పని లేదు. పని లేకపోవడమే ప్రాణం తీస్తోంది, ఊరికే కూర్చుని కాలు గురించి ఆలోచించడం తప్ప. ఇది తిమ్మిరేనా? కూర్చుని కూర్చుని కాల్లో రక్తం గడ్డకట్టి, అది పైకి పాకి, గుండెలోకో ఊపిరితిత్తుల్లోకో పోయి మనిషి కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోతాడని ఎక్కడో చదివాను. ఇప్పుడు నేను పోతే ముందుకే పడతాను, యోక్ మీదే పడతాను, నా ఛాతీ అంత బరువు దాని మీద పడితే ముక్కు కిందికి దిగుతుంది, ఐదడుగుల ఒక్క అంగుళం ఉన్న ఈ కోపైలట్ పిల్ల నన్ను వెనక్కి ఎలా లాగుతుంది? ఛీ ఛీ, ఏం ఆలోచనలివి. నీళ్లు తాగాను. సీసా మూత జారి యోక్ కింద పడింది. అంతే, చిన్న ప్లాస్టిక్ మూత, అది దొర్లుకుంటూ పెడళ్ల వైపు వెళ్లిపోతుంటే గుండె గుభేలుమంది. కోపైలట్ వంగి తీసి చేతికిచ్చింది. "థాంక్స్" అన్నాను. "పర్లేదు సార్" అంది. విడి వస్తువు. కాక్‌పిట్‌లో విడి వస్తువులు ఉండకూడదు, జారి పెడళ్ల కింద పడితే ఎవరిది బాధ్యత? ఈ మాటలు ఎవరివో కాదు, నావే.

ఈ కోపైలట్ అమ్మాయి వీపు వెనక ఆకుపచ్చ కుషన్ ఒకటి పెట్టుకునేది. సీటు ముందుకి జరిగినంతా జరుపుకున్నాక కూడా ఇంకాస్త ముందుకి రావడానికి. మాట తక్కువ, పని మాత్రం కచ్చితం, మా ఇద్దర్నీ ఒకే డ్యూటీలో వేసినప్పుడల్లా కింద స్టాఫ్ మమ్మల్ని పక్కపక్కన నిలబెట్టి ఫొటోలు తీసుకుంటారు, నవ్వుతూ నిలబడుతుంది. పదిహేను రోజుల క్రితం బ్రీఫింగ్ గదిలో అందరి ముందూ అడిగాను, ఇది విమానమా సినిమా హాలా, ఈ విడి వస్తువేమిటి అని. చంకలో కుషన్‌తో అలాగే నిలబడింది. చెవులు ఎర్రబడ్డాయి. "సరే సార్" అంది. ఆ రోజు నుంచి కుషన్ లేదు. రూల్ ప్రకారమే అన్నాను, తప్పేం లేదు అని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను, ఒకసారి చెబితే సరిపోయే మాట అన్నిసార్లు ఎందుకు చెప్పుకోవలసివచ్చిందో మాత్రం ఆలోచించలేదు. ఫారంలో ఎత్తు తగ్గించి రాసినవాడు, మోకాలితో రేకు తోసుకుంటూ విమానం నడిపేవాడు, ఒక పొట్టిపిల్ల దగ్గర కుషన్ లాక్కుని రూల్స్ చెప్పాడు. మొహం చెల్లదు కదా ఎవరికైనా, నాకు చెల్లింది.

ఇరవై రెండు. కిందికి దిగడం మొదలైంది, చెవులు మూసుకుంటున్నాయి. రేడియోలో టవర్ వాడు గాలి చదివాడు, రన్‌వేకి కుడివైపు నుంచి వేగం ఇరవై నాట్లు, విసిరినప్పుడు ఇరవై నాలుగు. ఈ విమానానికి ఇరవై ఐదు దాకా ఫరవాలేదు. పొద్దున ఇదే గాలి అని వింటే ఉత్సాహం వచ్చేది నాకు. కుడివైపు గాలి అంటే, ముక్కుని గాలికి ఎదురు తిప్పి పక్కవాటుగా దిగుతూ రావాలి, చక్రాలు నేలకి తగలబోయే ముందు ముక్కుని తిన్నగా చెయ్యాలి. తిన్నగా చేసేది తోకలోని చుక్కాని. చుక్కానిని తిప్పేది పెడల్. ఎడమ పెడల్. ఆ పెడల్ పై అంచు తొక్కితే బ్రేకు పడుతుంది. తెలివున్న కాలికి చుక్కాని ఎక్కడో బ్రేకు ఎక్కడో చెప్పక్కర్లేదు, చెప్పులోకి దూరినట్టు దూరిపోతుంది. ఈ కాలికి ఏం తెలుసు? పెడల్ మీద ఉందో పక్కకి జారిందో తెలియదు. చుక్కాని అనుకుని బ్రేకు తొక్కితే చక్రం బిగుసుకునే నేలకి తగులుతుంది, టైరు పేలుతుంది, పేలినవైపుకి విమానం తిరిగిపోతుంది, పక్కన గడ్డి, గడ్డి అవతల కాలవ. చాలామందికి కాలవ ఉందని తెలియదు, నాకు తెలుసు.

మా నాన్న బస్సు డ్రైవరు. ఆరడుగుల మూడు. డ్రైవరు సీటు మీద కూర్చుంటే స్టీరింగ్‌కి రెండు పక్కలా రెండు మోకాళ్లూ పైకి లేచి ఉండేవి, టికెట్లు తీసుకునేవాళ్లు నవ్వేవాళ్లు. నాకు ఏడేళ్లప్పుడు ఆయన బస్సు ఏటవాలు వీధిలో ఆగకుండా వచ్చి మూల మీద చెప్పులు కుట్టేవాడి పెట్టెని తొక్కేసి గోడకి గుద్దుకుంది. చెప్పులాయన దూకేశాడు. కండక్టరుకి ముందు పళ్లు రెండు పోయాయి. ఎవరూ పోలేదు. విచారణలో నాన్న, బ్రేకు పడలేదు, అని చెప్పాడు. మెకానిక్కుని తీసేశారు. ఆ మెకానిక్కు ఆదివారాలు మా ఇంటికొచ్చి నాన్నతో క్యారమ్స్ ఆడేవాడు, చేతులు ఎంత కడుక్కున్నా కిరసనాయిలు వాసన వచ్చేది, నాకు ఆడుకోవడానికి బోల్టులూ నట్టులూ తెచ్చేవాడు, మా ఇంటి తలుపులు కిర్రుమంటే చెప్పకుండానే నూనె వేసేవాడు. ఆ తర్వాత రాలేదు. రెండు వీధుల అవతల సైకిళ్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాడు. నాన్న ఆ వీధిలోంచి వెళ్లడం మానేశాడు, నన్ను స్కూలుకి చుట్టు దారిలో తీసుకెళ్లేవాడు, కాళ్లు పొడుగు కదా, చుట్టు తిరిగినా బెల్లు కొట్టేలోపు చేరిపోయేవాళ్లం. పధ్నాలుగేళ్లు గడిచాక, నేను మొదటిసారి ఒంటరిగా విమానం నడిపి ఇంటికొచ్చిన సాయంత్రం, అమ్మ ఏదో తేవడానికి బయటికెళ్లినప్పుడు, నాన్న నా బూట్లు తీసుకుని పాలిష్ చేస్తూ కూర్చున్నాడు. వద్దు నాన్నా అంటే వినలేదు. బూటులో చెయ్యి పెట్టి బ్రష్ కొడుతూనే, తల ఎత్తకుండా, "ఆ రోజు బ్రేకు బాగానే ఉందిరా, నా కాలే అక్కడ లేదు" అన్నాడు. మూడు గంటలుగా కూర్చుని తిమ్మిరెక్కిందట. తొక్కాననే అనుకున్నాడట. చూస్తే కాలు పక్కన ఉందట. "చెబితే సీటు పోతుందని చెప్పలేదు. వాడి ఉద్యోగం పోయింది" అన్నాడు. రెండో బూటు తీసుకున్నాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది.

పధ్నాలుగు నిమిషాలు. రెండు చేతులతో తొడ పట్టుకుని లేపి చూశాను. కాలు సంచీలా వేలాడింది. మోకాలు రేకుకి దూరంగా తెస్తే యోక్‌కి అడ్డం, రేకుకి ఆనిస్తే మళ్లీ నరం మీద. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చెబితే ఏమవుతుంది? కంట్రోల్స్ ఆ అమ్మాయికి ఇస్తాను, ఆ అమ్మాయి దించుతుంది, కింద కాగితం రాయాలి, ఎందుకిచ్చావు అంటారు, కాలు ఎందుకు తిమ్మిరెక్కింది అంటారు, కూర్చోబెట్టి చూస్తారు, టేపు తెస్తారు. నలభై ఆరేళ్లు నాకు. మళ్లీ ఎవడు పిలుస్తాడు? మళ్లీ ఆ కిటికీ, మళ్లీ ఆ శబ్దం. చెప్పకపోతే? ఏమో, ఏమీ కాకపోవచ్చు, కాలు అలవాటు మీద దానికదే తొక్కేయొచ్చు, పదివేల సార్లు తొక్కిన కాలు. నాన్న కాలు కూడా అన్నిసార్లూ తొక్కిన కాలే. వెనక పెద్దావిడ పక్కసీటు ఆయన్ని అడుగుతోంది, వచ్చేశామా అని. వచ్చేశాం అంటున్నాడాయన. నోరు తెరిచాను. "వాతావరణం..." అన్నాను. "సార్?" అంది కోపైలట్. "ఏం లేదు" అన్నాను. చెప్పాల్సింది ఒక్క వాక్యం, ఆరు మాటలు కూడా లేవు అందులో.

తొమ్మిది. చక్రాలు దింపమన్నాను, దింపింది. కిందనుంచి దడదడమని గాలి. రన్‌వే కనబడింది, సన్నగా, ముక్కు కుడివైపుకి తిరిగి ఉంది కాబట్టి అది నా పక్క, ఎడమ కిటికీలోకి వచ్చేసింది. ఆటోపైలట్ తీసే సమయం. వేలు మీట మీద పెట్టాను. ఎడమ కాలి వంక చూశాను. బూటు పెడల్ మీద లేదు. పెడల్‌కీ గోడకీ మధ్య సందులో పడి ఉంది, నిద్రపోయిన పిల్లాడి చెయ్యి మంచం మీదనుంచి జారినట్టు. నేనేమో ఇంతసేపూ పెడల్ మీదే ఉందనుకుంటున్నాను. పైప్రాణాలు పైనే పోయాయి.

"నా ఎడమ కాలు తిమ్మిరెక్కింది. స్పర్శ లేదు. కంట్రోల్స్ నువ్వు తీసుకో."

ఆ అమ్మాయి చెయ్యి అప్పటికే తన వైపు యోక్ మీద ఉంది. "తీసుకున్నాను. ఎంతసేపైంది సార్?"

"అరగంట పైనే."

నా వంక చూడలేదు. చూసుంటే బాగుండేదేమో, తిట్టినా బాగుండేది. ఎదర రన్‌వే వంకే చూస్తూ, చాలా మామూలుగా, "సార్, ఈ గాలికి ఎడమ పెడల్ చివరిదాకా కావాలి. కుషన్ లేకుండా నాకు చివరి రెండు అంగుళాలు అందదు" అంది.

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"మీరు అడగలేదు సార్. ట్రైనింగులో నన్ను కుషన్‌తోనే పాస్ చేశారు. మీరు వద్దన్నారు. చెబితే డ్యూటీ నుంచి తీసేస్తారేమోనని..."

ఆ మాట ఎక్కడ విన్నానో నాకెవరూ చెప్పక్కర్లేదు. ఇద్దరం ఇద్దరమే. ఒకడికి కాళ్లు ఎక్కువ, ఒకరికి తక్కువ, ఇద్దరికీ నోరు లేదు, మధ్యలో ఒక ఎడమ పెడల్, వెనక ఆరుగురు. వేరే చోట దిగుదామంటే పక్క ఊరి రన్‌వే మీద ఉరుములని ఇందాకే చెప్పారు. అంత భయంలోనూ ఒక సంగతి తట్టింది. "పైకి లేపు, ఒక రౌండు తిరుగుదాం" అన్నాను. ఇంజిన్లు గర్జించాయి, నేల దూరమైంది, వెనక ఎవరో అయ్యో అన్నారు, నేను మైకులో గాలి తగ్గేదాకా ఒకసారి తిరిగొస్తామని చెప్పాను, గొంతు నాదేనా అనిపించేంత స్థిమితంగా వచ్చింది. తర్వాత బెల్టు తీయకుండానే చెయ్యి వెనక్కి చాచి, సీటు వెనక కొక్కేనికి వేలాడుతున్న నా కోటు లాగాను. ఇంకెవరి చేతికీ అక్కడికి అందదు. మోకాళ్లదాకా వచ్చే కోటు, నా కొలతకి ఎక్కడా దొరక్క కుట్టించుకున్నది. ఒడిలో పెట్టుకుని మడతపెట్టాను. నాలుగు మడతలు. చాలదనిపించి ఇంకో మడత. గుండీలు బయటికి రాకుండా లోపలికి తిప్పాను, గుచ్చుకుంటాయేమోనని. "వంగు" అన్నాను. వంగింది. వీపు వెనక దూర్చి, కోటు చేతులు రెండూ బెల్టు పట్టీల కిందకి లాగి ముడేశాను, జారకుండా. ఆ అమ్మాయి ఎడమ పెడల్ తొక్కింది. విమానం ముక్కు పక్కకి ఊగింది. ఇంకా తొక్కింది. చివర్న ఎక్కడో టక్కుమని ఆగింది.

"అందింది సార్."

ఇక నా కాళ్లు పెడళ్ల దగ్గర ఉండకూడదు, ఆ అమ్మాయి పెడళ్లూ నావీ కలిసే కదులుతాయి. కుడిది వెనక్కి లాక్కున్నాను. ఎడమది ప్యాంటు గుడ్డ పట్టుకుని పైకి లాగాను, లాగితే పెట్టుకోవడానికి చోటేది, మోకాలు గడ్డానికి తగిలింది. రెండు చేతులతో ఆ కాలిని గుండెకి హత్తుకుని కూర్చున్నాను. పాతికేళ్లుగా విమానాలు నడిపినవాణ్ణి, కెప్టెన్ని, చేతుల్లో నా కాలు తప్ప ఇంకేం లేదు. ఇంత భయం ఎప్పుడూ ఎరగను. నడిపేవాడికి భయపడే తీరిక ఉండదు, అదంతా వెనక కూర్చున్నవాళ్లదే. మళ్లీ రన్‌వే నా కిటికీలోకి వచ్చింది, పెరిగింది, గాలి విసిరింది, విమానం ఒక్కసారి పడి లేచింది, నా మోకాలు యోక్‌కి తగులుతుందేమోనని ఇంకా గట్టిగా వాటేసుకున్నాను, ఎముక నొప్పి పుట్టేదాకా. యంత్రం గొంతు ఎత్తు అడుగుల్లో చదువుతోంది, యాభై, నలభై, ముప్పై. ముక్కు ఇంకా పక్కకే ఉంది. ఇరవై. తొక్కు, అన్నాను మనసులో, పైకి అనలేదు, అంటే ఆ అమ్మాయి కాలు నా గొంతు వింటుంది, దాని పని అది చెయ్యదు. పది. చివరిదాకా తొక్కింది. ముక్కు వచ్చి గీత మీద నిలబడింది. కుడి చక్రం తగిలింది, తర్వాత ఎడమది, తర్వాత ముందుది. పరిగెత్తాం, పరిగెత్తాం, నెమ్మదించాం. కాలవ పక్కనుంచి పోయింది, అందులో నీళ్లు కూడా కనబడ్డాయి.

ఇంజిన్లు ఆపేశాం. ఆ అమ్మాయి బెల్టు విప్పుకుంది, కోటు కింద పడింది, తీసి, దులిపి, నా ఒళ్లో పెట్టి తలుపు తియ్యడానికి వెళ్లింది. ప్రయాణికులు దిగుతున్నారు. పెద్దావిడ దిగకుండా నా దగ్గరికి వంగింది. అంతా చూసినట్టుంది, తెర వెయ్యనివ్వలేదు కదా.

"మోకాలు వాటేసుకుని కూర్చున్నావేం నాయనా, భయమేసిందా?"

"వేసిందమ్మా."

"నాకూ వేసింది. నువ్వున్నావు కదా అనుకున్నాను." నా కాళ్ల వంక, ప్యానెల్ వంక, కప్పు వంక తీరిగ్గా చూసింది. "అంతసేపు ఎలా పట్టావు ఇందులో?"

ఇందాకటి మాట నాలిక మీదకి వచ్చింది, మడతపెట్టి తెచ్చారని. "పట్టలేదమ్మా" అన్నాను. "నేనిందులో పట్టను." నా భుజం మీద చెయ్యి వేసింది, గోడ పట్టుకుని మెట్ల వైపు వెళ్లిపోయింది.

కాల్లోకి ప్రాణం వస్తోంది. చీమలు కావివి, సూదులు, నిప్పులు, పిక్క అంతా మండిపోతోంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, దేనికని అడిగితే కాలికనే చెప్పుకోవచ్చు. కోపైలట్ తిరిగొచ్చింది, చేతిలో రిపోర్టు కాగితం, అట్ట, పెన్ను. దిగకుండా ఎందుకు తిరిగాం, కంట్రోల్స్ ఎందుకు మారాయి, రాయాలి. నా వంక చూడకుండా, అట్ట మీద పెన్ను దొర్లిస్తూ అంది, "గాలి ఎక్కువగా ఉందని తిరిగాం, ప్రాక్టీసు కోసం నాకిచ్చారు, అని రాసేస్తాను సార్. పెద్ద అబద్ధం కూడా కాదు."

ఎంత తేలిగ్గా ఉంది ఆ వాక్యం. బ్రేకు పడలేదు అన్నంత తేలిగ్గా ఉంది. రేపు ఇంకో ట్రిప్పు, ఎల్లుండి ఇంకోటి, ఆ రేకు అంచు, ఈ అమ్మాయి వీపు వెనక ఖాళీ. సైకిళ్ల కొట్టు. ఇంటి గుమ్మం మీద పెన్సిల్ గీత, పక్కన మా అమ్మాయి చేతిరాత. గుండె దడ ఇంకా తగ్గలేదు, ఆకాశంలో ఉన్నప్పటికంటే ఇప్పుడే ఎక్కువ కొట్టుకుంటోంది.

"నీ కుషన్ నేనే తీయించానని రాయి" అన్నాను. "నా కాలి సంగతి రాయి."

"సార్, అలా రాస్తే మిమ్మల్ని..."

"తెలుసు." ఆ అమ్మాయి పెన్ను మూత తీసి, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నా వంక చూసింది.

"ముందు ఎత్తు రాయి" అన్నాను. "ఆరడుగుల నాలుగున్నర."